జెండా పెట్టని గూడు

కొత్తపట్నం,
20 మార్చి 2000.

గుంటూరు కాలేజీలో పిట్టల చదువు చెప్పే నాగజ్యోతమ్మ గారికి, బుల్లయ్య నమస్కరించి రాసేదేమనగా,

ఇక్కడ నేను క్షేమం, మీ సముద్రపు పిట్టలూ క్షేమం. మూడేళ్ళు వరసగా పత్తిని పచ్చపురుగు తినేస్తే ఇంట్లో మూల కూర్చున్నవాణ్ణి, పిలిచి ఈ ఇసుక దిబ్బ మీద కాపలా పని ఇచ్చారు. ఈ ఒక్క పంటన్నా చేతికి అందేలా చూస్తానని మా ఆవిడ వెంకటరావమ్మకి మాటిచ్చి వచ్చాను.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ పిట్టలకి బుర్ర ఉందా? చెట్టు లేదు, పుల్ల లేదు, మిట్ట మధ్యాహ్నం ఎండలో బోడి ఇసుక మీద గుడ్లు పెట్టి కూర్చున్నాయి. గుడ్డుకీ గులకరాయికీ తేడా తెలిసి చావదు. ఎక్కడ తొక్కుతానోనని అరవై రెండు గూళ్ళకీ పక్కన కర్ర పాతి, మా ఆవిడ పాత చీర చింపి ఎర్ర జెండాలు కట్టాను. చూడ్డానికి తిరనాళ్ళలా ఉంది.

ఇట్లు,
బుల్లయ్య

తా.క.: కాకులు కూడా బాగా సాయం చేస్తున్నాయి. ఒక్కో జెండా మీద ఒక్కోటి వాలి, ఇదిగో ఇక్కడుంది అని అరుస్తున్నాయి.

గుంటూరు,
24 మార్చి.

బుల్లయ్య గారికి నమస్కారాలు.

ఆ జెండాలు ఈ క్షణమే పీకేయండి! కాకులు సాయానికి రాలేదండీ, భోజనానికి వచ్చాయి. గుడ్డు గులకరాయిలా ఉండేదే ఎవరికీ కనపడకూడదని. మనం కర్ర పాతి మరీ చూపించాం.

ఏప్రిల్ ఇరవై ఐదున ఆఫీసర్లు దిబ్బ చూడ్డానికి వస్తారు. ఒక్క పిల్ల బతికి కనిపించినా దిబ్బని పిట్టలకే వదిలేస్తామన్నారు. లేదంటే రొయ్యల చెరువులకి ఇచ్చేస్తారు. ఈ చుట్టుపక్కల వాటికి ఇంకో చోటు లేదు. కాకుల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

మీ నాగజ్యోతి

తా.క.: చీర సంగతి వెంకటరావమ్మ గారికి తెలుసా?

కొత్తపట్నం,
29 మార్చి.

నాగజ్యోతమ్మ గారికి,

జెండాలు పీకేశాను. అప్పటికే ఇరవై ఒక్క గూళ్ళు ఖాళీ. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నలభై ఒకటి మిగిలాయి.

అయినా కాకుల పని పట్టడం నాకు కొత్తా? మిరపతోటలో నిలబెట్టినట్టు పదకొండు దిష్టిబొమ్మలు నిలబెట్టాను. నా చొక్కాలన్నీ వాటికే అయిపోయాయి, నాకు తువ్వాలు మిగిలింది. మూడు రోజులుగా ఒక్క కాకి వాలితే ఒట్టు!

ఇట్లు,
బుల్లయ్య

తా.క.: మీ పిట్టలూ వాలడం లేదు. పైన తిరుగుతూ ఒకటే ఏడుపు. మీరొచ్చి ఓ మాట చెబితే వింటాయేమో.

ఇంకో తా.క.: చీర సంగతి తెలిసింది.

గుంటూరు,
2 ఏప్రిల్.

బుల్లయ్య గారికి,

మీకు దణ్ణం పెడతాను, బొమ్మలు తీసేయండి. మీ చొక్కాలు మీరు వేసుకోండి. తల్లి రాకపోతే గుడ్డు ఎండకి ఉడికిపోతుందండీ! అది నీళ్ళలో పొట్ట తడుపుకొచ్చి, గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. అసలే ఎండలు ముదిరాయి. గుడ్లు చల్లగా ఉంటేనే బతుకుతాయి. అర్థమైందనుకుంటాను.

మీ నాగజ్యోతి

తా.క.: అర్థం కాకపోతే, ఏదైనా చేసేముందు ఒక కార్డు ముక్క రాయండి.

కొత్తపట్నం,
7 ఏప్రిల్.

నాగజ్యోతమ్మ గారికి,

బాగా అర్థమైంది, కార్డు రాయాల్సిన పని పడలేదు. బొమ్మలు తీసేశాక పదమూడు గూళ్ళకి తల్లులు తిరిగొచ్చాయి. మిగతావాటిలో ఒక గుడ్డు పగలగొట్టి చూశాను. మీరన్నట్టే అయింది. ఇంకో గుడ్డు పగలగొట్టే ధైర్యం లేకపోయింది.

ఈ పదమూడూ చల్లగా ఉండాలని మిరపకాయల గోతాలు తడిపి పందిళ్ళు వేశాను. పిట్టలకెందుకు పాపం, నీళ్ళకీ గూటికీ తిరిగే శ్రమ? ఆ ఘాటుకి పిట్టలు తుమ్మలేదు గానీ నేను మాత్రం ఆగకుండా తుమ్ముతున్నాను. తడికి చీమలు పట్టాయి. పగులుతున్న గుడ్లలో దూరి నాలుగు పిల్లల్ని కళ్ళముందే తినేశాయి. ఆ కూత నేను విన్నాను, అమ్మా.

ఇట్లు,
బుల్లయ్య

తా.క.: పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు సగం డబ్బా ఉంటే గూళ్ళ చుట్టూ చల్లాను. కంగారు పడకండి. మూడేళ్ళు కొట్టినా దానికి పత్తిలో ఒక్క పురుగు చావలేదు.

గుంటూరు,
11 ఏప్రిల్.

బుల్లయ్య గారూ,

ఇక మీరు ఏమీ చేయకండి. తప్పు నాదే. మనం దూరంగా ఉండటం తప్ప వాటికి ఇంకేమీ అక్కర్లేదని మొదటే చెప్పాల్సింది. గుడిసెలో కూర్చోండి. ముట్టుకోకండి, కప్పకండి, చల్లకండి, గూడెక్కడుందో ఎవరికీ చూపించకండి. పరీక్షల డ్యూటీ పడి నెలాఖరు దాకా నేను కదల్లేను.

నాగజ్యోతి

తా.క.: ఒక్క పిల్ల, బుల్లయ్య గారూ. ఒక్కటి చాలు.

కొత్తపట్నం,
2 మే.

నాగజ్యోతమ్మ గారికి,

చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇన్ని రోజులూ గుడిసె గుమ్మంలోనే కూర్చున్నాను.

పత్తికి పనిచేయని మందు ఇక్కడ పనిచేసింది. ముందు చీమలు పోయాయి, తర్వాత పిల్లలు, ఆ పక్కనే తల్లులు. అరవై రెండు గూళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. మీరు కదలొద్దన్నారని పూడ్చడానికి కూడా లేవలేదు.

ఇప్పుడు మీకు చెప్పని సంగతి చెబుతాను. అరవై మూడో గూడు ఒకటుంది. నా గుమ్మం ముందే, నా మడమ దిగిన గుంటలో, మొదటి వారంలోనే రెండు గుడ్లు కనిపించాయి. చేలో బాగా కాసిన మొక్క గురించి మేం నోరెత్తం, దిష్టి తగులుతుందని. అందుకే దానికి జెండా కట్టలేదు, లెక్కలో రాయలేదు. నేను చేసిన ఘనకార్యాలన్నీ అటు దిబ్బ మీదే. రెండు గుడ్లూ పిల్లలయ్యాయి.

ఇరవై ఐదున ఆఫీసరు వచ్చాడు. దిబ్బంతా తిరిగి నా ముందు నిలబడి, "ఏమయ్యా, ఒక్క పిల్లన్నా ఉందా?" అన్నాడు. ఆయన బూటుకి జానెడు దూరంలో పిల్లలు రెండూ ఇసుకని కరుచుకుని పడుకున్నాయి. ఆయన చేతిలో చూద్దును కదా, చెరువుల హద్దుకి పాతే ఎర్ర జెండాల కట్ట! నేను గూళ్ళకి కట్టిన జెండాలే గుర్తొచ్చాయి. ఎవరికీ చూపించొద్దని మీరూ రాశారు.

"ఏమీ లేవు సార్" అన్నాను. సున్నా రాసుకుని వెళ్ళిపోయాడు.

నిన్న మీ పాత ఉత్తరాలు తీసి చదువుతుంటే, ఒక్క పిల్ల కనిపించినా చాలునన్న ముక్క కళ్ళబడింది. తల గోడకేసి కొట్టుకున్నాను. సోమవారం పొక్లెయిన్లు దిగుతాయట. నా పత్తిని కూడా ఇలా వదిలేసుంటే బతికేదేమో, ఎవరికి తెలుసు. నన్ను క్షమించండి.

ఇట్లు,
బుల్లయ్య

తా.క.: పెద్దది ఇవాళ పొద్దున ఎగిరింది. చిన్నదానికి ఇంకా రెక్క బలం చాలలేదు, ఎండకి నా చెప్పు నీడలో పడుకుంది. అందుకని చెప్పులు అక్కడే వదిలేసి, ఉత్తి కాళ్ళతో పోస్టుకి వచ్చాను.