నేను వినని ఈల

బుజ్జిదాని అమ్మకు,

నేను కులాసా. ఫోనులో అడగలేక రాస్తున్నాను. ఆ సూపర్‌హీరోల సినిమాలో ఆడవాళ్ళు ముగ్గురూ కలిసి కూలిపోయే వంతెనను ఎత్తిపట్టగానే నువ్వు లేచి ఈల వేశావట. "హాలంతా వెనక్కి తిరిగింది అన్నయ్యా! వదినకి ఈల వచ్చని నీకు తెలీదా?" అంది చెల్లెలు. తెలుసని బొంకాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను వినని ఈలను ముక్కూమొహం తెలియనివాళ్ళంతా విన్నారని కడుపు మండిపోయింది. నిన్న గోదాము మూశాక నేనూ ఆ సినిమాకు వెళ్ళాను. ఇక్కడి ఆడవాళ్ళూ ఆ వంతెన దగ్గరే ఈలలు వేశారు. నీది ఎలా ఉంటుందోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

కుళాయి బాగైందా? అమ్మ కళ్ళజోడు మార్పించు. పైవారం వస్తున్నాను, మళ్ళీ ఆ సినిమాకు వెళదాం. నీ పక్క సీటు నాది. చెల్లెలికి నా ఆశీస్సులు చెప్పు, సినిమాకు మాత్రం పిలవకు.