తోకలో కన్ను

మార్చి 3
మా అమ్మాయి పెళ్ళి జాకెట్ దాదాపు పూర్తయింది. అంచుకి గింజల వరుస, ఇంట్లో కొరత ఉండకూడదని. చేతులకి అలలు, ఎక్కడున్నా దారి దొరకాలని. గుండె మీద పక్షి. దాని కన్ను ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క ముడికుట్టు ఇంట్లో పెద్దావిడే వెయ్యాలి, అంటే మా అత్తయ్య. వేశాక విప్పకూడదు, విప్పితే పక్షి కళ్ళు పొడిచినట్టేనట. పాతికేళ్ళుగా కుడుతున్నా నాకు కన్ను దాకా ప్రమోషన్ రాలేదు.

మార్చి 5
నిన్న అత్తయ్య నడుం నొప్పి అంది. ఈరోజు వెలుతురు చాలదట. కిటికీ నిండా ఎండ. పెళ్ళేమో వచ్చే శుక్రవారం.

మార్చి 7, ఉదయం 11
నేను కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి వేసేసింది. కన్ను గుండ్రంగా, గట్టిగా, చక్కగా ఉంది. కాకపోతే తోకలో ఉంది.
అత్తయ్యకి చూపు ఆనడం లేదు. ఎన్నాళ్ళ నుంచి దాస్తోందో. ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.
అమ్మాయి పడీ పడీ నవ్వి, వెనక నుంచి వచ్చేవాళ్ళని కనిపెడుతుందిలే, ఇలాగే వేసుకుంటానంది. కానీ మా వియ్యపురాలు కూడా సూది పట్టిన మనిషే. చూడగానే పట్టేస్తుంది. అందరి ముందూ అత్తయ్య పరువు పోవడం నేను భరించలేను.

మార్చి 8
కన్ను విప్పకూడదు. పక్షిని విప్పకూడదని ఎవరూ అనలేదు కదా!
అత్తయ్య మధ్యాహ్నం కునుకు తియ్యగానే కన్ను వదిలేసి మిగతాదంతా విప్పేశాను. ఖాళీ గుడ్డ మీద నుంచి ఒంటి కన్ను నన్నే చూస్తోంది. దాని చుట్టూ కొత్త తల గీశాను. ఒక్కటే చిక్కు. మా ఇంటి పక్షులన్నీ భుజం వైపు, వెనక్కి చూస్తాయి, పుట్టింటిని మరిచిపోవద్దని. ఇది గుండీల వైపు, ముందుకి చూస్తోంది.

మార్చి 10
పొద్దున ముగించాను. అత్తయ్య జాకెట్ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. గింజలు, అలలు, పక్షి. ముక్కు దగ్గర వేలు ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.
ఎందుకు తిప్పావని అడిగింది. ఇక దాచలేక చెప్పేశాను. అత్తయ్య ఆ ముక్కుని మళ్ళీ ఒకసారి తడిమింది.
"నా పక్షి వెనక్కే చూసింది. నేనూ ఈ ఇంటికొచ్చాక మూడేళ్ళు గుమ్మంలో కూర్చుని అటే చూశాను. దీన్ని ఇలాగే ఉండనివ్వు."
సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి వస్తానంది. నేను అడగకుండానే.

మార్చి 11
పెళ్ళయింది, అమ్మాయి అత్తారింటికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూసిందా అని అత్తయ్య అడిగింది. చూడలేదన్నాను. హమ్మయ్య అంది.