మేకలను వదలమన్నది ఎవరు

దోర్నాల,
ఏప్రిలు 1937

ఫారెస్టు శాఖ పెద్ద ఆఫీసరు దొరవారి సముఖానికి,
క్యాంపు: మార్కాపురం.

అయ్యా,

విషయం: బందెలదొడ్డిలోని మేకలను వదిలిన నేరం దోర్నాల గార్డు ఆశీర్వాదం ఒక్కడి మీదనే పెట్టుట గురించి.

1. ఎలక్షనులో కాంగ్రెసు వాళ్ళ పసుపు ఓట్ల పెట్టె గెలిచిందని తెలిసిన దినం నుంచి ఇక్కడి జనం సర్కారు మారిపోయింది, ఇంక అడివి మనదే అనుకున్నారు. గెలవడం వేరే, గద్దె ఎక్కడం వేరే అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఓబులయ్య మామ తన మేకలను హద్దురాళ్ళు దాటించి రిజర్వు అడివిలోకి తోలినాడు. సదరు గార్డు అడ్డం పోతే, "ఏంది ఆశీర్వాదం, నీకింకా పాత సర్కారేనా? మనం గెలిచినాం" అన్నాడంట.

"నీకు ఓటే లేదు కదా మామా."

"నాకూ లేదు, నా మేకలకూ లేదు. అయినా గెలిచినాం. పక్కకు జరుగు."

సదరు గార్డు చట్టప్రకారం మేకలను బందెలదొడ్డికి తోలినాడు.

2. అందుచేత సదరు గార్డుకు కలిగిన కష్టములు. హోటలు గురమ్మ నీళ్ళు కూడా పోయలేదు, "పోయి దొరలతో టీ తాగుపో" అనింది. ఈస్టరు ఆరాధనలో జ్ఞానయ్య పెదనాయన పక్కన కూర్చోకుండా లేచిపోయినాడు. నేను బావికి పోతే ఆడోళ్ళు మాటలు ఆపేస్తారు.

"నేను" అని రాసేసినాను. కొట్టెయ్యను. సదరు గార్డు మా నాయన.

3. ఈస్టరు మరుసటి దినం రేంజరు గారు మా ఇంటికి వచ్చినారు. ఆయనతో మార్కాపురం నుంచి ఇంకొక ఆఫీసరు. ఇద్దరూ పంచలో కూర్చున్నారు. నేను తడిక వెనకాల మజ్జిగ కలుపుతా ఉన్నాను. రేంజరు గారు తెలుగులో, "ఆశీర్వాదం, మేకలను వదిలెయ్. కాలం మారింది. కాగితం ఏమీ వద్దు, నేనున్నా కదా" అన్నారు. నాయన సరే సార్ అన్నాడు.

తర్వాత ఆ ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. రేంజరు గారు అన్నదాని అర్థం ఇది. "ఎవరొచ్చినా నాకు భయం లేదు. కొత్తోళ్ళు వస్తే మేకలను వదలమన్నది నేను. పాతోళ్ళే ఉంటే వదిలింది ఈ గార్డు." రెండో ఆయన గట్టిగా నవ్వినాడు. మజ్జిగ గ్లాసులు పట్టుకొని నిలబడిన మా నాయన, తనను మెచ్చుకుంటున్నారేమో అనుకొని, వాళ్ళతోపాటు నవ్వినాడు.

అయ్యా, ఆ నవ్వు నాకు మరుపు రావడం లేదు.

4. నాకు ఇంగ్లీషు వచ్చని ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను కర్నూలులో మిషన్ బోర్డింగులో ఇంగ్లీషు చదువు చదువుతున్నాను. నాయన అందరికీ లేసు అల్లిక నేర్చుకుంటోందని చెప్పినాడు. గార్డు బిడ్డకు ఇంగ్లీషు ఏందని పైవాళ్ళకు కోపమొస్తుందని ఆయన భయం. ఈ అర్జీ కూడా ఇంగ్లీషులో రాయగలను. రాస్తే, దోర్నాలలో ఇంగ్లీషు రాసేదెవరని తమ ఆఫీసులో ఎవరైనా వెతుకుతారని తెలుగులో రాస్తున్నాను.

5. గెలిచినోళ్ళు గద్దె ఎక్కలేదని, గవర్నరు వేరేవాళ్ళను కూర్చోబెట్టినాడని పేపర్లో వచ్చింది. ఆ వెంటనే మా నాయనకు మెమో వచ్చింది. లంచం తిని మేకలను వదిలినాడంట. సోమవారం తమరి ముందర విచారణ. తప్పని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా ఉంటుందని చెక్కుపోస్టు లింగయ్య బాబాయి చెప్పినాడు. బాబాయి ఎవరి మనిషో కూడా నాకు ఇప్పుడు తెలియడం లేదు. ఓబులయ్య మామను సాక్ష్యం అడిగితే, "నేను నోరు తెరిస్తే మేకలు మళ్ళా దొడ్డిలోకే కదా పాపా" అన్నాడు.

మా నాయన మాత్రం "రేంజరు మంచోడమ్మా, మర్చిపోయింటాడు, గుర్తు చేస్తా" అంటాడు. రోజూ ప్రార్థనలో ఆయన పేరు కూడా చెప్తున్నాడు. నేను విన్నది నాయనకు చెప్పలేదు. చెప్తే నేరుగా పోయి ఆయన్నే అడుగుతాడు. జ్వరమని అబద్ధం చెప్పి బోర్డింగుకు పోకుండా ఉండిపోయినాను.

కాబట్టి తమరు రేంజరు గారిని మా నాయన ఎదుట నిలబెట్టి ఇంగ్లీషులోనే అడగవలెను. నన్ను పిలిస్తే ఆయన అన్న మాటలు ఒక్కటీ మార్చకుండా అదే భాషలో చెప్తాను. బీదవాని ఇంటి ఈ మొర తమరొక్కరే చదివి, చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
ఎలీషబా

మరొక మనవి: ఆ దినం తడిక కింద నుంచి నాకు రెండో ఆయన ముఖం కనపడలేదు. ఆయనెవరో నాయనకూ తెలియదంట. బూట్లు కనపడినాయి. గోధుమరంగు బూట్లు, ఎడమదానికి మాత్రం నల్ల తాడు. మార్కాపురంలో అట్లాంటి బూట్లు ఎవరు వేసుకుంటారో నాకు తెలియదు. తమరు ఎట్లాంటివి వేసుకుంటారో కూడా తెలియదు. సోమవారం నాయన వెంట నేనూ వస్తున్నాను. లోపలికి రాగానే తల వంచి ముందు తమ కాళ్ళ వైపే చూస్తాను. దండం పెడుతున్నానని అందరూ అనుకుంటారు.