చల్లారని పిక్కలు

మార్తక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున్నే నీ సమాధి మీద బంతిపూలు పెట్టి, పలాసలో మన జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్లాను.

ఆవిరి పట్టిన జీడిపిక్కలను రాత్రంతా ఆరబెట్టి, మర్నాడే కోయాలనే పద్ధతి తెచ్చింది నువ్వు. వేడి మీద కోస్తే పెంకులోని జీడి నూనె చిమ్మి చేతులు కాలిపోతున్నాయని ఓనరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగావో! కిడ్నీలు పాడై మంచం పట్టాక కూడా, నేను వచ్చినప్పుడల్లా "ఎవులి సెయ్యైనా కాలిందేటే?" అని అడిగేదానివి. ఎవరిదీ కాలలేదని నేను చెప్పాకే పడుకునేదానివి.

ఈ రోజు నూకాలమ్మ చెయ్యి కాలింది, అక్కా. పెద్ద ఆర్డరు వచ్చిందని కొత్త మేనేజరు వారం నుంచి వేడి పిక్కలే కోయిస్తున్నాడు. నేను మిషన్లకు అడ్డంగా నిలబడి, ఆరాకే కోస్తామన్నాను.

"అది మార్త పెట్టిన పద్ధతి. ఆవిడతోనే పోయింది," అన్నాడు. "ఇష్టం లేనోళ్లు ఇంటికి పోండి."

ఆడవాళ్ల వైపు చూశాను. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి మిషన్ల ముందు కూర్చున్నారు. చివరికి నూకాలమ్మ కూడా, కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని.

"కూకోవే," అంది నా చెయ్యి పట్టి లాగుతూ. "నిన్నూ పంపేత్తే మా గురించి ఎవులడుగుతారు?"

నువ్వుంటే ఏం చేసేదానివో ఎంత ఆలోచించినా తోచలేదు. ఆమె పక్కన కూర్చుని నేనూ కోయడం మొదలుపెట్టాను.