తొట్టెల దాకా ఇరవై ఆరు డిగ్రీలు

డిసెంబర్ 2, మంగళవారం

ఈ రోజు నుంచి డైరీ. ఎందుకంటే ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని.

నిన్న సింధూజక్కను, పాపను బోధన్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. పాప పుట్టి ఆరు రోజులు. బరువు తక్కువ. నర్సు సువర్ణక్క రెండే మాటలు గట్టిగా చెప్పింది. గది వెచ్చగా ఉండాలి. పొగ ఉండకూడదు.

మాది ఎడపల్లిలో రేకుల ఇల్లు. డిసెంబర్‌లో పొద్దున లేస్తే రేకుల అంచుల నుంచి మంచు నీళ్ళు కారుతుంటాయి. మా అవ్వ అయితే బాలింత మంచం కింద పెట్టడానికి కుంపటి అప్పటికే తోమి పెట్టుకుంది.

అసలు గొడవ అది కాదు. అక్క అత్త ధనలక్ష్మి చందూర్ నుంచి వచ్చి పాపను చూసింది. తర్వాత తల పైకెత్తి మా రేకులను కూడా చూసింది. ఇరవై ఒకటో రోజు పాపను ఊయలలో వేసే తొట్టెల వేడుక చేయగానే తల్లీబిడ్డలను తీసుకుపోతానంది. మామూలుగా ఐదో నెలలో పంపుతారు. అక్క కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బావ వరికోత మిషన్ పని మీద కర్ణాటక పోయాడు. అక్కడికి పోతే ఎనిమిది మందికి వంట, రెండు బర్రెలు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

రాత్రి అందరూ పడుకున్నాక నన్ను పిలిచింది.

"తమ్మీ, ఇల్లు ఎచ్చగ ఉంటే అత్తమ్మ నన్ను ఐదో నెల దాక ఉండనిస్తదేమో. ఏమన్న జేస్తవా?"

చేస్తాను! మోస్రాలో కోళ్ల షెడ్డులో పనిచేసే రంజిత్ దగ్గర పాత మిషన్ ఒకటి ఉంది. కోడిపిల్లల షెడ్డు వెచ్చగా ఉంచేది. ఏ పూట ఎంత వేడి కావాలో ఒకసారి చెబితే చాలు. హీటర్‌ను అదే వేస్తుంది, అదే ఆపుతుంది.

నియమాలు:
1. తొట్టెల దాకా గదిలో ఇరవై ఆరు డిగ్రీలు.
2. కుంపటి గడప దాటి లోపలికి రాదు.
3. మీటలు నేను తప్ప ఎవరూ ముట్టరు.

ఇంతకుముందు మధ్యలో వదిలేసినవి: పదో తరగతి, సెల్‌ఫోన్ రిపేరు, జిమ్, పుట్టగొడుగులు. ఇది వాటిలో చేరదు. రాసి పెడుతున్నాను.

డిసెంబర్ 3, బుధవారం

మిషన్ వచ్చింది. నిజామాబాద్ నుంచి హీటర్ కూడా వచ్చింది. డబ్బా మీద కోడిపిల్ల బొమ్మ ఉంటే గోరుతో గీకేశాను. ధనలక్ష్మి అత్త చూస్తే బాగుండదు.

పొద్దున 11: పుస్తకం చదువుతున్నాను. చీమల్లాంటి అక్షరాలు, అంతా ఇంగ్లీషు. రంజిత్‌కు ఫోన్ చేశాను. వాడికీ రాదట. షెడ్డులో దాన్ని ఇంకెవరో తిప్పేవాడట.

మధ్యాహ్నం 3: నడపడం వచ్చేసింది! పొద్దున, పగలు, సాయంత్రం, రాత్రి, నాలుగు పూటలు ఎక్కించాను. పగలు ఎండ ఉంటుంది కాబట్టి తొమ్మిది నుంచి నాలుగు దాకా హీటర్ బంద్. మిషన్ నుంచి ఒక సన్న తీగ వస్తుంది. గదిలో వేడి ఎంతుందో చూసేది అదే. దాన్ని మేకుకు వేలాడదీశాను.

సాయంత్రం: ఎర్రటి అంకెలు. 26!

మా బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చేతులు జోడించబోయి ఆగాడు. వాడకట్టు మొత్తం వచ్చి చూసింది. తలుపు తీసి మూసి, తీసి మూసి, 21కి పడిపోయింది. అయినా ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాను. అక్క నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటిసారి.

అవ్వ మాత్రం కుంపటి లోపల దాచలేదు. గడప బయట బోర్లించింది. కనిపించేలాగానే.

డిసెంబర్ 4, గురువారం

తెల్లవారుజాము 5: చలి. మిషన్ 17 చూపిస్తూ నిమ్మళంగా ఉంది. హీటర్ చల్లగా ఉంది.

పొద్దున 8: కారణం దొరికింది. నిన్న జనం పోయాక ఏడింటికి కరెంటు పోయి వచ్చింది. కరెంటు పోతే దీని గడియారం చెరిగిపోయి సున్నా నుంచి మొదలవుతుంది. మనకు తెల్లవారుజాము ఐదు. దానికి పొద్దున పది. ఎండ వచ్చి ఉంటుందని హీటర్ ఆపేసింది. దాని తప్పేం లేదు. నేను చెప్పిందే చేసింది.

పరిష్కారం: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నేను టైం సరిచేస్తాను. అంతే.

రాత్రి: ఎడపల్లిలో కరెంటు ఇన్నిసార్లు పోతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇన్నాళ్ళూ ఫోన్‌లో చార్జింగ్ ఉంటే చాలనుకునేవాణ్ణి.

డిసెంబర్ 6, శనివారం

అవ్వ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద పాపను బోర్లా పడుకోబెట్టుకుని స్నానం పోస్తుంది. బయట చలి అని ఇప్పుడు గదిలోనే. పక్కన సలసల కాగే నీళ్ళ కాగు. కాగు మీద నా తీగ.

మిషన్ 35 చూపించి హీటర్ ఆపేసింది. గదిలో వేడి అవసరమైనది సరిగ్గా అప్పుడే. పాప తడి ఒంటితో ఉంది. కాగు ఇంకో మూలన పెట్టుకోమని అవ్వను బతిమాలాను.

"గింత ఆవిరి తాకితేనే ఆగమైతదారా నీ మిషను? పసిపోరి నయం, ఏడుస్తలేదు."

తీగను కిటికీ దగ్గరికి మార్చాను. కిటికీ సందులోంచి చలిగాలి. తీగ 15 అంటుంది, హీటర్ ఆగదు. మధ్యాహ్నానికి ప్లగ్గు దగ్గర కాలిన వాసన. తీగను బీరువా వెనక్కి మార్చాను. బీరువా వెనక ఎప్పుడూ 26. లోకం మునిగినా 26.

అంటే మిషన్ బాగానే పనిచేస్తోంది. బీరువా కోసం.

డిసెంబర్ 8, సోమవారం

మూడో నియమంలో చిన్న మార్పు. హీటర్‌ను వెంటనే వేసే ఎర్ర మీట ఒక్కటి అమ్మ నొక్కవచ్చు. ఎందుకంటే నేను నిద్రలో ఉంటే ఎవరో ఒకరు నొక్కాలి కదా. అమ్మ పాప గుడ్డలు హీటర్ మీద తాడు కట్టి ఆరేస్తోంది. వద్దని చెప్పాను. తల ఊపి ఇంకో రెండు గుడ్డలు వేసింది.

అవ్వ నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి మిషన్‌కు కట్టింది. వాడకట్టు దిష్టి పడిందట. విప్పలేదు. నాకూ కొంచెం అనుమానంగానే ఉంది.

డిసెంబర్ 9, మంగళవారం

రాయడానికేం లేదు. కరెంటు నాలుగుసార్లు పోయింది. టైం రెండుసార్లు సరిచేశాను. సగం మార్కులు. పదో తరగతిలో ఇంతకంటే తక్కువే వచ్చేవి.

డిసెంబర్ 11, గురువారం

ఇక గడియారంతో పేచీ వద్దు. పూటలన్నీ తీసేశాను. పగలూ రాత్రీ ఒకటే అంకె, 30. తీగ కూడా మళ్ళీ మేకుకే. నాలుగు డిగ్రీలు ఎక్కువుంటే నష్టమేముంది?

రంజిత్ పుట్టినరోజు. మోస్రా పోతున్నాను. మనిషి లేకపోయినా నడవాలనే కదా ఇలాంటి మిషన్ పెట్టుకునేది.

డిసెంబర్ 13, శనివారం

నిన్న సాయంత్రం తిరిగి వచ్చాను. రెండు రోజుల పార్టీ అనుకోలేదు.

పాప మెడ మీద, వీపు మీద ఎర్రటి చెమటకాయలు. ఆ వేడికి తోడు అమ్మ స్వెటర్ వేసింది, అవ్వ టోపీ పెట్టి రెండు దుప్పట్లు చుట్టింది. అక్క ముఖం ఎండిపోయి ఉంది. నన్ను చూసి పాప వీపు నా వైపు తిప్పింది. తిట్టినా బాగుండేది.

ఈ రోజు సువర్ణక్క బరువు చూడటానికి వచ్చింది. గదిలో అడుగు పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. మిషన్ ఎక్కడిదని అడిగింది. చెప్పాను.

"కోళ్ల షెడ్డు అనుకున్నవా భూమేష్? ఆ స్వెటరు తియ్యుండ్రి. పిల్లను తల్లి ఛాతీ మీద పండవెట్టి, పైకెల్లి ఒక్క బొంత కప్పుండ్రి. గంతే."

హీటర్ ఆపేయించింది. పాప బరువు మాత్రం పెరిగింది. అక్క పాలు, అవ్వ నూనె మర్దన. ఇందులో నా వాటా ఏమిటని వెతికాను. చెమటకాయలు.

మిషన్‌ను మాత్రం ఆపలేదు. అంకెలు వెలుగుతున్నాయి. దేనికీ కలపలేదు, ఊరికే వెలుగుతున్నాయి. ఎదురింటివాళ్ళు ఎలా ఉందని అడిగితే సూపర్ అన్నాను.

డిసెంబర్ 15, సోమవారం

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రం నుంచి ఊరంతా చీకటి. ఈ ఏడాది ఇంత చలి రాలేదు. పాప కాళ్ళు పట్టుకుంటే చల్లగా తగిలాయి. నేను బయటికి పోయి కుంపటి రాజేశాను. అవును, నేనే. పట్టుకుని గడప దాకా వచ్చాను.

అవ్వ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నర్సమ్మ పొగ వద్దన్నది. అవుతల వెట్టు."

ముప్పై ఏళ్ళుగా కుంపట్లు పెట్టిన మనిషి. నేను రాసిన రెండో నియమాన్ని నా నుంచి కాపాడింది.

అక్క గుండెల మీద పాప. పైన అవ్వ కుట్టిన పాత చీరల బొంత. కాసేపటికి పాప కాళ్ళు వెచ్చబడ్డాయి. నేనూ బాపూ బయట కుంపటి దగ్గర కూర్చుని చేతులు కాచుకున్నాం. వృథా పోనివ్వలేదు.

డిసెంబర్ 16, మంగళవారం

రేపు తొట్టెల. ధనలక్ష్మి అత్త వస్తుంది. కరెంటు వచ్చింది.

పథకం: ఆమె జీపు మలుపు తిరిగే ముందు హీటర్ వేస్తాను. 26 రాగానే ఆపేస్తాను. ఆమె చూడాలి. చూస్తే చాలు. రేకుల ఇల్లయినా వెచ్చగానే ఉందంటుంది, అక్కను వదిలిపెడుతుంది. పూర్తి అబద్ధం కాదు. అంకె నిజమే.

అక్క సంచి సర్దలేదు. అమ్మ సర్దమంటే రేపు చూద్దామంది.

డిసెంబర్ 17, బుధవారం

అంతా వివరంగా రాయాలి.

తొట్టెలకు పూలు కట్టాం. చందూర్ నుంచి జీపు నిండా వచ్చారు. 26 వచ్చింది. ధనలక్ష్మి అత్త గదిలోకి వచ్చింది, వేడి తగిలి ఆగింది, మిషన్ ముందు నిలబడింది. నేను మొదలుపెట్టాను. తెల్లవారుజామున అదే లేస్తుందన్నాను. ఎండ పడితే అదే ఆగుతుందన్నాను. ఎవరూ చూడక్కర్లేదన్నాను. ఇంత బాగా నేను ఏ పరీక్షలోనూ చెప్పలేదు.

ఆమెకు చాలా నచ్చింది. అదే నా కొంప ముంచింది.

"మస్తుంది పిలగా. మా ఇంట్ల ఇన్వర్టరు గూడ ఉన్నది, కరెంటు పోయే ముచ్చటే లేదు. ఇగ పిల్ల యాడున్నా ఒకటే గద. మిషను విప్పు, కోడలితోని జీపుల ఎక్కిస్తం."

అక్క నా వైపు చూసింది. సంచి సర్దుకోవడానికి లేవబోయి, కుట్లు లాగి, మంచం పట్టె పట్టుకుంది.

గది నిండా జనం. నేను పదిహేను రోజులుగా గొప్పలు చెప్పిన వాడకట్టు మొత్తం అక్కడే ఉంది. రంజిత్ కూడా ఉన్నాడు, లడ్డూ తింటూ.

"అత్తమ్మా, గిది పనిచెయ్యదు," అన్నాను.

"గిప్పుడే పనిజేస్తదంటివి?"

"అబద్ధం జెప్పిన. కరెంటు పోతే దీనికి రాత్రికీ పగలుకూ ఫరక్ తెల్వదు. ఒకదినం సలికి సంపింది, ఒకదినం చెమటకాయలు లేపింది. మీరొస్తున్నరని ఇందాక ఏసిన."

పాప మెడ చూపించాను. ఇంకా మచ్చలున్నాయి. ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. రంజిత్ లడ్డూ పట్టుకుని బయటికి జారుకున్నాడు.

మరి పిల్ల ఇంత తేరుకుంది ఎలా అని ఆమె అడిగింది. అవ్వ పాపను తీసి అక్క గుండెల మీద పెట్టి, బొంత కప్పింది. పాప రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ధనలక్ష్మి అత్త బొంత కిందికి చేయి పెట్టి చూసింది. అలాగే ఉంచింది, చాలాసేపు.

అప్పుడు అక్క నోరు తెరిచింది.

"అత్తమ్మా, ఐదో నెల రాంగనే నేనే వస్త. గిప్పుడు నాతోని కాదు."

ధనలక్ష్మి అత్త చేయి బయటికి తీసి కొంగు సర్దుకుంది. కోడలు ఉండనీ అంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను గెలిచానో ఓడానో తెలియక నిలబడ్డాను. అంతలో అత్త నా వైపు తిరిగింది.

"మిషను మాత్రం వస్తది. కరెంటు మంచిగుంటే నడుస్తదంటివి గద. పిల్లొచ్చే యాళ్లకు మా ఇంట్ల తయ్యారుండాలె. నువ్వు గూడ ఎక్కు. గింత అబద్ధం జెప్పినోనివి, గిదన్న సక్కగ జెయ్యి."

డిసెంబర్ 19, శుక్రవారం, చందూర్

అక్క మా ఇంట్లో ఉంది, నా మంచం మీద. నేను అక్క వాళ్ళింట్లో ఉన్నాను, బర్రెల కొట్టం పక్క గదిలో. పొద్దున రెండు బర్రెలకూ గడ్డి వేశాను.

మిషన్ బిగించాను. ఇన్వర్టర్ ఉంది కాబట్టి గడియారం చెరగలేదు. ఈ రోజు తెల్లవారుజామున చెప్పిన టైంకు హీటర్ వెలిగింది. 26! ఖాళీ గది. ఖాళీ ఊయల. ధనలక్ష్మి అత్త స్టూలు వేసుకుని కాసేపు వేడి కాచుకుని, మోకాళ్ళకు బాగుందని, ఇంకో రెండు డిగ్రీలు పెంచమంది.

ఐదో నెల ఎప్పుడొస్తుందని వేళ్ళ మీద లెక్క వేశాను. రెండుసార్లు వేశాను. ఏప్రిల్.

ఏప్రిల్‌లో చందూర్. మిట్టమధ్యాహ్నం. ఈ మిషన్‌కు వేడి పెంచడం ఒక్కటే వచ్చు.

ఆమెకు చెప్పలేదు. చెబితే, మిషన్ పనికొచ్చేది ఈ చలిలోనే కదా అని అక్క కోసం రేపే జీపు పంపినా పంపుతుంది.

కొత్త నియమాలు, రేపటి నుంచి:
1. ఐదో నెల దాకా ఖాళీ గదిలో ఇరవై ఆరు డిగ్రీలు. ఒక్క పూట కూడా తప్పకూడదు.
2. ఈ ఇంట్లో ఎవరి ముందూ నెలలు లెక్కపెట్టకూడదు.