వడ్లు తొక్కని చక్రం

ఏప్రిల్ 18

హాలియా దాటిన మలుపులో ప్రమాదం. రోడ్డుకు ఎడమ సగమంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అన్నం మీదికి చక్రం పోనివ్వడం నాకు చేతకాదు. కారు కుడికి తిప్పాను. చూపు వడ్ల మీదే... అటునుండి నీళ్లబిందెతో వస్తున్న ముసలమ్మను చూడలేదు.

ఆపాను. డ్రైవర్లందరూ చెప్పే మాట ఒక్కటే — జనానికి చిక్కకు, నేరుగా స్టేషనుకు పో. నేను పోలేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆమె తల కింద నా తువ్వాలు మడిచిపెట్టి కూర్చున్నాను. ఆమె కుడిచేయి విరిగింది. కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట — "ఒడ్లు తొక్కలేదు గద, బిడ్డా?"

కొడుకు యాదయ్య పరుగున వచ్చి నా కాలరు పట్టాడు.

"ఇడువురా. ఆగిండు గద," అన్నది ఆమే.

ఏప్రిల్ 19

దవాఖాన. చేతికి పిండికట్టు. పేరు మంగమ్మ. బత్తాయిలు తీసుకుపోయాను. వలవబోతే యాదయ్య లాక్కున్నాడు — "నేను ఒలుస్త. నువ్వు కూసో."

కూర్చోమన్నాడు. అదే చాలు.

ఏప్రిల్ 20

స్టేషన్. హెడ్ కానిస్టేబుల్ దయగానే మాట్లాడాడు. "రోడ్డు మీద ఒడ్లు పోసుడే తప్పు. గదే చెప్పు. కేసు ఒడ్లు పోసిన ఆ కొడుకు మీదికి గూడ పోతది. లేకుంటే తప్పంత నీదే, లైసెన్సు పోతది." వాంగ్మూలం తానే రాస్తానన్నాడు. పగలు బండి తోలి, రాత్రిబడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ని. నేనే రాసి సోమవారం తెస్తానన్నాను.

ఏప్రిల్ 21

నా భార్య మరియ — "ఒడ్లున్నయని రాస్తే అబద్ధమా? లైసెన్సు పోతే ఏం తినాలె మనం?"

అబద్ధం కాదు. వడ్లు ఉన్న మాట నిజం. నేను ముందుకు చూడని మాట కూడా నిజం. రెండూ రాస్తే యాదయ్య చిక్కుతాడు. ఒకటే రాస్తే...

ఏప్రిల్ 22

మూడు వాక్యాలు రాశాను. అక్షరదోషం ఒక్కటీ లేదు. ముందుకు సాగడం లేదు.

ఏప్రిల్ 23, సోమవారం

స్టేషనుకు బయలుదేరాను. అదే మలుపు. మంగమ్మ వడ్లలో నడుస్తోంది, పాదాలతో చాళ్లు తీస్తూ. కట్టుకట్టిన చేయి మెడకు వేలాడుతోంది.

"పండుకోక, గిదేంది అవ్వా?"

"ఇరిగింది చెయ్యి. ఒడ్లు మర్లేసేది కాళ్లతోని గద."

వడ్ల అంచున పెట్టే రాళ్లు ఈసారి బాగా లోపలికి జరిగి ఉన్నాయి. కారుకు కావలసినంత దారి. కానీ వడ్లు మందంగా, కుప్పలా... అట్లయితే ఆరవు.

"యాదయ్య జరిపిండు, నీ కోసమే. పో బిడ్డా, పైలం."

కారు పక్కకు ఆపి దిగాను. చెప్పులు విడిచాను. ఒక చాలు ఆమెది, పక్క చాలు నాది. కాళ్ల కింద వడ్లు వెచ్చగా ఉన్నాయి. వాంగ్మూలం కాగితం జేబులోనే — వడ్ల మాట రాయవలసిన చోట ఖాళీ.

ఫోన్ మోగింది. హెడ్ కానిస్టేబుల్.

చాలు సగంలో ఉన్నాను. ఎత్తలేదు.