తొమ్మిది రోజులు ఆలస్యమైన కాగితం

ఫ్రాంక్‌ఫర్ట్,
11 మే 2024, శనివారం.

గౌరవనీయులైన డాక్టర్ ఊనా మెక్‌హేల్ మేడం గారికి,

రిషిత తల్లి భానుమతి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. క్షేమం లేదు, అందుకే ఆ మాట రాయడం లేదు. మీ క్షేమం కూడా అడగాలి. అడగను. మీ ఊరి స్టేషన్ నుంచి హాస్టల్ దాకా ప్రతి స్తంభానికీ మీ నవ్వుముఖం కట్టారట, మళ్ళీ ఎన్నికల్లో నిలబడ్డారట. బాగానే ఉన్నారని అర్థమైంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగు తప్ప ఇంకోటి రాదు. దీన్ని శ్రావ్య ఇంగ్లీషులో రాసి మీకు ఇస్తుంది. హాస్టల్లో నా బిడ్డ పక్కగది పిల్ల. కోపం ఉన్నచోట కోపమే పెట్టు, మధ్యలో సారీలు కలపకు అని చెప్పాను. అట్లనే ఆంటీ, కాకపోతే నా థీసిస్‌కు మార్కులేసేది ఆమెనే అన్నది. భయపడుతూనే రాస్తుంది. ఆ పిల్ల మీద మీ కోపం చూపకండి.

మీ ఉత్తరం అందింది. ల్యాబులో ఒక గదికి రిషిత పేరు పెడతామన్నారు. తలుపుకు ఇత్తడి పలక బిగిస్తామన్నారు. వచ్చే గురువారం కౌన్సిల్ మీటింగులో ఆ మాట చెబుతామని, నన్ను వచ్చి పూలగుత్తి తీసుకొమ్మని రాశారు. అంతటితో ఆగినా బాగుండేది. నియమాల ప్రకారం చేయవలసినవన్నీ చేశాం అని కూడా రాశారు. అక్కడ నా ఒళ్ళు మండింది.

మీ గురించి నాకు తెలియనిది లేదు మేడం. నా బిడ్డ రోజూ ఫోన్లో మీ కథే చెప్పేది. నేను ఇక్కడ మా కొడుకు శరత్ కూతురు ఈషాను చూసుకోవడానికి వచ్చి రెండేళ్ళయింది. మనవరాలికి అన్నం తినిపిస్తూ మీ ముచ్చట్లు వినేదాన్ని. మా మేడం ఐర్లాండామె అమ్మా, నలభై ఏళ్ళ కింద ఈ దేశం వచ్చి నీళ్ళల్ల పురుగులు వెతుకుతుంటది, పైంగ రాజకీయం గూడ చేస్తది అనేది. ఈ దేశం మనిషి కాకుండా ఓట్లెట్ల పడతయే అని అడిగితే, యూరప్ వాళ్ళయితే ఊరి కౌన్సిల్‌కు నిలబడొచ్చు, నువ్వు నిలబడలేవులే, నీ వీసా చూసుకో అని ఎగతాళి చేసేది.

ఒకసారి హాస్టల్లో ఎండుమిర్చి పోపు పెడితే పొగ అలారం మోగి, ఫైరింజన్ వచ్చి, నలుగురు మనుషులు గొడ్డళ్ళతో వంటగదిలోకి దిగారు. మర్నాడు ల్యాబులో అదే పులిహోర మీకు పెడితే, ఫైరింజన్ పంపింది ఈ అన్నం కోసమే అయ్యుంటుంది అని రెండోసారి వడ్డించుకున్నారట. ఆ రోజే మీ తమ్ముడి సంగతి చెప్పారట. మీ నాన్న పాలు అమ్మేవాడని, ఆవు క్షయతో దగ్గుతోందని తెలిసి కూడా వాడుక పోతుందని ఎవరికీ చెప్పలేదని, ఇంట్లో పిల్లవాడికీ ఆ పాలే పోశాడని, ఆరేళ్ళకే మీ తమ్ముడు పోయాడని. అందుకే ఈ చదువు చదివానని. నా బిడ్డ ఏడ్చుకుంటూ ఫోన్ చేసింది. అసుంటామె దగ్గర పనిచేస్తున్ననమ్మా అన్నది. నేనూ మీకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ దండం వెనక్కి తీసుకుంటున్నాను.

గ్యాస్ ఖర్చు తగ్గించాలని ఊరి హాస్టళ్ళలో నీళ్ళు కాచే బాయిలర్ల వేడి తగ్గించమన్నారు కౌన్సిల్లో. నీళ్ళు చల్లబడితే పైపుల్లో కంటికి కనపడని జబ్బు పురుగు పెరుగుతుందని మీకంటే తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరున్నారు? పార్టీ చెయ్యెత్తమంది, మీరు ఎత్తారు. పొయ్యి ముందు కూర్చునే మాలాంటి వాళ్ళకు తెలియకపోవచ్చు. మీకు తెలుసు.

జనవరి రెండో తారీఖున నా బిడ్డ మీ ల్యాబులో గాజు పళ్ళాల మీద పురుగుల చుక్కలు లెక్కబెట్టింది. నీళ్ళు పట్టి తెచ్చిన సీసాల మీద నంబర్లే తప్ప ఇళ్ళ పేర్లు ఉండవట. సాయంత్రం ఫోన్ చేసి, ఒక పళ్ళెం నిండా చుక్కలేనమ్మా, ఎవరింటి నీళ్ళో పాపం అన్నది. అవి తన హాస్టల్ నీళ్ళే మేడం. ఏ నంబరు ఏ ఇంటిదో రాసిన కాగితం మీ బల్ల సొరుగులో ఉంది. ఆ సాయంత్రమే మీరు దాన్ని చూశారు, లెక్క చెప్పగానే మేడం సొరుగు తీసిందని నా బిడ్డే ఫోన్లో అన్నది.

హాస్టల్ తలుపు మీద, షవర్ వాడవద్దు అన్న కాగితం పదకొండో తారీఖున అంటించారు. శ్రావ్య దాన్ని ఫోటో తీసి పెట్టుకుంది. అడుగున చిన్న అక్షరాల్లో పరీక్ష తేదీ కూడా ఉంది. తొమ్మిది రోజులు. రెండోసారి పరీక్ష చేద్దామనుకున్నారా, పార్టీవాళ్ళు ఆగమన్నారా, ఎన్నికల ముందు ఎందుకనుకున్నారా, నాకు తెలియదు. నాలుగు వేళ్ళంత కాగితం. ఒక చుక్క జిగురు. పదో తారీఖుకే నా బిడ్డకు జ్వరం. పన్నెండున ఆసుపత్రి. పంతొమ్మిదిన గాజు అద్దానికి ఇవతల నేను, అవతల ఊపిరి ఆగిన నా బిడ్డ.

మీ నాన్న ఆవు సంగతి దాచాడని ఈ వయసులోనూ ఆయన్ను తిట్టుకుంటారట. మీరేం చేశారు మరి? ఆయనకు చదువు లేదు. మీకుంది. అదొక్కటే తేడా.

నాకు ఇత్తడి పలక వద్దు. నా బిడ్డ పేరు మీ తలుపు మీద ఎక్కించి, ఆ రోజు తలుపు మీద ఎక్కించని కాగితాన్ని కప్పెట్టకండి. పేరు పెట్టాలనుంటే గురువారం ఆ సభలో లేచి, రెండో తారీఖునే నాకు తెలుసు, తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను అని మీ నోటితో చెప్పండి. ఓట్లు పోతే పోనివ్వండి. చెప్పకపోతే ఆ పూలగుత్తి మీ ఫోటో స్తంభానికే కట్టుకోండి.

ఇట్లు,
రిషితను కన్న తల్లి,
భానుమతి

తా.క. శ్రావ్యా, ఇది కూడా రాయి తల్లీ. నామీద జాలిపడి వదిలేయకు.

మేడం, జనవరి అయిదున నా బిడ్డకు ఉత్త జలుబే. ముక్కు మూసుకుపోయిందమ్మా, నిద్ర పడతలేదు అని ఫోన్ చేసింది. గిన్నెలో నీళ్ళు మరిగించి పసుపేసి ఆవిరి పట్టు అన్నాను. అలారం మోగి మళ్ళీ ఫైరింజన్ వస్తే నన్ను హాస్టల్ నుంచి వెళ్ళగొడతరు అన్నది. అయితే స్నానాల గది తలుపు బిగించి, వేడి షవర్ వదిలి, అరగంట కూర్చుని గట్టిగా పీల్చు బిడ్డా అన్నాను. వద్దమ్మా, నీళ్ళు గోరువెచ్చగనే వస్తున్నయి అన్నది. చెప్పింది చెయ్యి అని కసిరాను. ఫోను ఆన్‌లో పెట్టించి, ఇంకా లోపలికి, ఇంకా లోపలికి అని పీల్పించాను. అయిదు, ఆరు, ఏడు. మూడు రోజులు. మూడో రోజు ఈషా కూడా ఫోన్ ముందు కూర్చుని అత్తతో పాటు బుగ్గలు పొంగించి ఊదింది. మేము నవ్వుకున్నాం.

అట్లాంటి నీళ్ళను పీల్చడమే ప్రాణం మీదకు తెస్తుందని ఆసుపత్రి డాక్టర్ తర్వాత చెప్పింది. శరత్ పక్కనే ఉండి నాకు తెలుగులో చెప్పాడు. తల ఊపాను. నేనే చేయించానని వాడికి ఇప్పటికీ చెప్పలేదు. నాలుగు నెలలైంది. మీవి తొమ్మిది రోజులే.

ఆ కాగితం తలుపు మీద ఉండుంటే నా బిడ్డ నాకు చదివి వినిపించేది. నేను ఆ మాట అనేదాన్ని కాదు. అందుకే మిమ్మల్ని వదలను. నన్నూ వదలను.

గురువారం వస్తున్నాను. ముందు మీరు లేచి మీ తొమ్మిది రోజులు చెప్పండి, ఆ వెనక నేను లేచి నా మూడు రోజులు చెబుతాను. శరత్‌ను నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. మీరు లేవకపోయినా నేను లేస్తాను.